బండి మీద ఒక గీత: బరువు ఎక్కడుందో చెప్పే పాఠం



ఈ మధ్య తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక చిన్న స్లిప్ టెస్ట్ పెట్టాను. మొదటి ప్రశ్న, సెంటర్ ఆఫ్ గ్రావిటీ అంటే ఏమిటి? తెలుగు మీడియంలో చదివిన మీలో చాలామందికి దీన్ని గరిమనాభి అన్నట్టు గుర్తుండే ఉంటుంది. ఒక వస్తువు బరువంతా ఏ బిందువు దగ్గర ఉన్నట్టు అనిపిస్తుందో ఆ బిందువు. దాదాపు అందరూ సరిగ్గానే రాశారు. పుస్తకంలో ఉన్న వాక్యం కామాలతో సహా పేపర్ మీదకు దిగిపోయింది.

టెస్ట్ అయ్యాక బ్యాగులోంచి ఒక బొమ్మ లారీ తీశాను. వెనక తొట్టిలో బంకమన్ను ముద్ద పెట్టి, "దీన్ని ఒక్క వేలి మీద నిలబెట్టాలంటే వేలు ఎక్కడ పెట్టాలి?" అని అడిగాను. ఎక్కువ మంది సరిగ్గా మధ్యలో చూపించారు. అక్కడ వేలు పెట్టగానే లారీ వెనక్కి పల్టీ కొట్టింది. క్లాసంతా నవ్వులు. నేనూ నవ్వాను కానీ, లోపల కొంచెం గుచ్చుకుంది. ఎందుకంటే నా చదువు కూడా అలాగే సాగింది. నిర్వచనానికి ఫుల్ మార్కులు వచ్చాయి. ఆ బిందువును వెతికి పట్టుకోమని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

అందుకే ఈ నెల పాఠం ఆ బిందువు గురించే. దాన్ని సరిగ్గా వెతికి, పక్కన గీత గీసి, అందరికీ కనబడేలా రాయడం ఒక ఉద్యోగంలో భాగం. సైనిక వాహనాలను విమానంలో ఎక్కించే వాళ్లు చేసే పని అది.

బేగంపేటలో ఆ ఏప్రిల్

మన సోమాజిగూడ నుంచి బేగంపేట విమానాశ్రయం ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారిపోయాక, మన పిల్లలకు అది "ఎయిర్ షో జరిగే చోటు"గానే తెలుసు. కానీ 2021 ఏప్రిల్ 23న ఆ రన్‌వే మీద ఒక పెద్ద పని జరిగింది. కరోనా రెండో వేవ్‌లో ఆసుపత్రుల్లో ఆక్సిజన్ కోసం వెతుకులాడుతున్న రోజులవి. ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను వాయుసేనకు చెందిన సి-17 విమానాల్లో ఎక్కించి భువనేశ్వర్‌కు పంపారు. ఒడిశాలో ఆక్సిజన్ నింపుకుని అవి రోడ్డు మార్గంలో తిరిగి రావాలన్నది ప్లాన్. ఖాళీ లారీలు వెళ్లడానికి రోడ్డు మీద పట్టే సమయం అలా మిగిలింది. ఆ రోజుల్లో ఒక్కో గంటకు ఎంత విలువ ఉందో మనలో చాలా ఇళ్లకు తెలుసు.

ఈ సంగతి చెప్పినప్పుడు ఒక అబ్బాయి లేచి అడిగాడు. "మేడమ్, ఖాళీవి ఎందుకు తీసుకెళ్లారు? నింపినవే విమానంలో తెచ్చేస్తే ఇంకా తొందరగా అయ్యేది కదా?"

మంచి ప్రశ్న. దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది అగ్ని ప్రమాదం. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ట్యాంకర్‌లో ఉన్నంతసేపూ కొంచెం కొంచెంగా వాయువుగా మారుతూనే ఉంటుంది. మూసి ఉన్న విమానంలో ఆక్సిజన్ పేరుకుంటే చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంట అవుతుంది. రెండోది మన పాఠానికి సంబంధించింది. ద్రవం ఒకచోట ఉండదు. విమానం ముక్కు పైకెత్తితే ట్యాంకర్‌లోని ద్రవం వెనక్కి జారుతుంది, దించితే ముందుకు వస్తుంది. దాంతోపాటు గరిమనాభి కూడా కదులుతుంది. సగం నీళ్లున్న బాటిల్‌ను టేబుల్ మీద పడుకోబెట్టి దొర్లించి చూడండి. అది ఎలా తడబడుతూ ఆగుతుందో గమనిస్తే విషయం అర్థమవుతుంది.

విమానానికి బరువు ఒక్కటే చాలదు

సి-17 విమానం దాదాపు 77 టన్నుల వరకు మోయగలదు. అలాగని 77 టన్నుల లోపు ఏదైనా ఎక్కడైనా పెట్టేయవచ్చా? కుదరదు. పార్కులో పిల్లలు ఎక్కే ఊగుడు బల్ల గుర్తు తెచ్చుకోండి. అదే బరువున్న పిల్లవాడు మధ్యకు దగ్గరగా కూర్చుంటే ఒకలా, చివర కూర్చుంటే ఇంకోలా ఉంటుంది. బరువును దూరంతో గుణిస్తే వచ్చేదాన్నే ఫిజిక్స్‌లో భ్రామకం అంటాం. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు అది మొమెంట్.

విమానం మొత్తం గరిమనాభి ఒక చిన్న హద్దులోనే ఉండాలి. బాగా ముందుకు పోతే ముక్కు బరువెక్కి, టేకాఫ్‌లో పైకి లేవడానికి మొరాయిస్తుంది. బాగా వెనక్కి పోతే ముక్కు దానంతట అదే పైకి లేస్తూ, పైలట్ చేతికి లొంగకుండా పోతుంది. చిన్నచిన్న తేడాలను సరిదిద్దేది తోక దగ్గరుండే చిన్న రెక్క. మన ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి నడిపే ఫ్యాక్టరీలో సి-130జె రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. ఆ తోక చేసే ముఖ్యమైన పనుల్లో ఇదొకటి. కానీ తోక శక్తికీ ఒక పరిమితి ఉంది. అది దాటాక పైలట్ ఎంత నేర్పరి అయినా ఏమీ చేయలేడు.

ఒక లెక్క చూడండి. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారంలో బీఎంపీ-2 సాయుధ వాహనాలు తయారవుతాయి. మన దేశంలో వాటి పేరు శరత్. ఒక్కోటి సుమారు 14 టన్నులు. అలాంటి బండిని విమానంలో ఉండాల్సిన చోటు కంటే ఒక్క మీటరు వెనక పెట్టారనుకుందాం. 70 కిలోల మనుషులు 200 మంది ఒకేసారి ఒక మీటరు వెనక్కి జరిగినంత తేడా వస్తుంది. ఒక్క మీటరు అంటే మనకు ఒక పెద్ద అడుగు, అంతే.

2020లో లద్దాఖ్ సరిహద్దు ఉద్రిక్తతల సమయంలో సుమారు 90 ట్యాంకులను, 330 దాకా బీఎంపీ వాహనాలను వాయుసేన అక్కడికి చేర్చిందని, రక్షణ వర్గాలను ఉటంకిస్తూ 2023 ఆగస్టులో పత్రికలు రాశాయి. ఇది కొత్త విద్య కూడా కాదు. 1962 అక్టోబరులోనే ఏఎన్-12 విమానాల్లో ఏఎంఎక్స్-13 తేలికపాటి ట్యాంకులను చుషూల్‌కు తీసుకెళ్లారు. ఇలా ఎక్కించిన ప్రతి బండి గురించీ ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే. దీని బరువు ఎంత, ఆ బరువు ఎక్కడుంది?

ఆ గీత ఎలా గీస్తారు?

అమెరికా సైన్యంలో దీనికి స్పష్టమైన పద్ధతి ఉంది. విమానంలో ఎక్కించబోయే వాహనానికి రెండు పక్కలా, దూరం నుంచి కూడా కనబడేలా కొన్ని గుర్తులు వేస్తారు. ఒక్కో ఇరుసు మీద పడే బరువు, మొత్తం బరువు, గరిమనాభి ఉన్న చోట ఒక నిలువు గీత. కొన్నిసార్లు పెయింట్‌తో వేస్తారు, కొన్నిసార్లు టేపు అంటించి మార్కర్‌తో రాస్తారు. ఆ గీతను చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. దాని వెనక లెక్క కూడా మన తొమ్మిదో తరగతి లెక్కే.

ఒక జీపు తీసుకుందాం. ఇవి నేను సులువుగా ఉండాలని తీసుకున్న అంకెలు. పొడవు 4 మీటర్లు. ముందు బంపర్ అంచు నుంచి ముందు ఇరుసు 0.8 మీటర్ల దూరంలో, వెనక ఇరుసు 3.2 మీటర్ల దూరంలో ఉన్నాయి. ముందు చక్రాలను కాటా మీద పెడితే 900 కిలోలు, వెనక చక్రాలను పెడితే 700 కిలోలు చూపించింది.

ముందు ఇరుసు: 900 × 0.8 = 720
వెనక ఇరుసు: 700 × 3.2 = 2240
మొత్తం భ్రామకం: 2960
మొత్తం బరువు: 1600 కిలోలు
2960 ÷ 1600 = 1.85 మీటర్లు

అంటే ముందు బంపర్ నుంచి 1.85 మీటర్ల దగ్గర గీత గీయాలి. బండి సగం పొడవు 2 మీటర్లు. గీత మాత్రం దానికి 15 సెంటీమీటర్లు ముందుంది. ఇంజన్ ముందు వైపు ఉంది కాబట్టి.

ఇప్పుడు అసలు మెలిక. ఆ జీపు వెనక భాగంలో, బంపర్ నుంచి 3.6 మీటర్ల దగ్గర 200 కిలోల సామాను ఎక్కించారనుకుందాం. అదనపు భ్రామకం 200 × 3.6 = 720. మొత్తం భ్రామకం 3680, మొత్తం బరువు 1800. భాగిస్తే సుమారు 2.04 మీటర్లు. గీత 19 సెంటీమీటర్లు వెనక్కి పోయింది. బండి అదే, నంబర్ ప్లేటు అదే, పెయింటూ అదే. కానీ పాత గీత ఇప్పుడు అబద్ధం చెబుతోంది. అందుకే సామాను ఎక్కించిన తర్వాత మళ్లీ తూచాలి, మళ్లీ గీయాలి.

విమానంలో ఈ లెక్కలన్నీ చూసుకునే ఉద్యోగిని లోడ్‌మాస్టర్ అంటారు. బండిలో ఇంజన్ ఎక్కడుంది, పెట్రోల్ ట్యాంకు ఎక్కడుంది అని ఆయన వెతుక్కోనక్కర్లేదు. బండి మొత్తాన్నీ ఆ గీత దగ్గర ఉన్న ఒకే ఒక్క బరువుగా తీసుకుంటారు. విమానం నేల మీద కొలతల గుర్తులు ఉంటాయి. బండి గీత ఏ గుర్తుకు ఎదురుగా వచ్చిందో చూసి, పైన మనం చేసిన లెక్కనే విమానం మొత్తానికీ చేస్తారు. ఎక్కడో యూనిట్‌లో ఎవరో గీసిన గీతను, వాళ్ల ముఖం కూడా చూడని మరొకరు నమ్మి, తన ప్రాణంతో సహా విమానాన్ని పైకి లేపుతారు.

కదిలితే ఏమవుతుంది?

సరైన చోట పెట్టడం సగం పని. అక్కడే ఉండేలా కట్టడం మిగతా సగం. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్తాన్‌లోని బగ్రామ్ నుంచి నేషనల్ ఎయిర్‌లైన్స్ కార్గో విమానం, బోయింగ్ 747, దుబాయ్‌కి బయలుదేరింది. లోపల ఐదు భారీ సాయుధ వాహనాలున్నాయి. కొన్ని ఒక్కోటి 12 టన్నులు, కొన్ని 18 టన్నులు. టేకాఫ్ అవుతుండగా కనీసం ఒక వాహనం కట్లు వదులుకుని వెనక్కి దూసుకెళ్లింది. విమానం ముక్కు విపరీతంగా పైకి లేచి, కొన్ని క్షణాల్లోనే కూలిపోయింది. సిబ్బంది ఏడుగురూ చనిపోయారు.

ఇక్కడ పిల్లలకు ఒక విషయం జాగ్రత్తగా చెప్పాను. "బరువు వెనక్కి పోయింది కాబట్టి కూలింది" అని ఒక్క ముక్కలో తేల్చేయకూడదు. వాహనం వెనక గోడను ఢీకొని, హైడ్రాలిక్ వ్యవస్థలను, తోక రెక్కను కదిలించే యంత్రాన్ని కూడా దెబ్బతీసింది. దాంతో పైలట్ల చేతిలో నియంత్రణ లేకుండా పోయింది. దర్యాప్తులో తేలిన మూలకారణం, అంత బరువున్న వాహనాలను కట్టే పద్ధతి సరిగ్గా లేకపోవడం. ఒక సంఘటనకు ఒకే కారణం వెతకడం పరీక్షలో సులువు. నిజ జీవితంలో కారణాలు ఒకదాని చేయి మరొకటి పట్టుకుని వస్తాయి.

ఇంట్లో చేసి చూడండి

ఒక ఆదివారం అరగంట చాలు. కావలసినవి: వంటింటి డిజిటల్ కాటా, ఒక బొమ్మ లారీ, స్కేలు, టేపు, పెన్సిల్, కాటా ఎత్తుకు సరిపోయే పుస్తకాలు.

1. లారీ తొట్టిలో ఒకచోట బంకమన్నుగానీ, చపాతీ పిండి ముద్దగానీ గట్టిగా అంటించండి. అది కదలకూడదు.

2. ముందు చక్రాలు కాటా మీద, వెనక చక్రాలు పుస్తకాల మీద ఉంచి బరువు చూడండి. లారీ ఏటవాలుగా ఉండకూడదు, సమంగా ఉండాలి.

3. లారీని తిప్పి, వెనక చక్రాల బరువు అలాగే చూడండి.

4. మొత్తం లారీని కాటా మీద పెట్టి తూచండి. రెండు బరువుల మొత్తం దీనికి దాదాపు సమానంగా రావాలి. రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. మళ్లీ చేయించండి.

5. ముందు అంచు నుంచి ఇరుసుల దూరాలు కొలవండి. ఉదాహరణకు ముందు చక్రాలు 150 గ్రాములు, 4 సెంటీమీటర్ల దగ్గర. వెనక చక్రాలు 250 గ్రాములు, 16 సెంటీమీటర్ల దగ్గర. అప్పుడు 600 + 4000 = 4600. దాన్ని 400తో భాగిస్తే 11.5 సెంటీమీటర్లు.

6. అక్కడ టేపు అంటించి గీత గీయమనండి. ఇప్పుడు లారీని పెన్సిల్ మీద అడ్డంగా, గీత సరిగ్గా పెన్సిల్ మీదకు వచ్చేలా పెట్టండి. పూర్తిగా నిలబడకపోయినా, గీతకు అటు ఇటు కొంచెం దూరంలోనే లారీ మొగ్గు మారడం కనబడుతుంది.

చివరగా పిండి ముద్దను ముందుకు జరిపి, "ఇప్పుడు గీత ఎటు పోతుంది?" అని లెక్క చేయకముందే అడగండి. ఊహించాక లెక్క, లెక్కయ్యాక పరీక్ష. ఈ వరుస ముఖ్యం. దయచేసి జవాబు మీరు ముందే చెప్పకండి. తప్పు ఊహించినా పర్వాలేదు. లారీయే సరిదిద్దుతుంది.

క్లాసులో ఒక అమ్మాయి, "దూరాలు వెనక బంపర్ నుంచి కొలిస్తే జవాబు మారిపోతుందా మేడమ్?" అని అడిగింది. పై జీపు లెక్కతోనే మీ పిల్లలతో చేయించి చూడండి. వెనక నుంచి 2.15 మీటర్లు వస్తుంది. 4లోంచి తీసేస్తే అదే 1.85. ఎటు నుంచి కొలిచినా బిందువు ఒక్కటే. కాకపోతే రెండు ఇరుసులకూ ఒకే చోటి నుంచి కొలవాలి.

ఇక మన ఆటో సంగతి

ఈ పాఠాన్ని మీ దాకా ఎందుకు తెచ్చానంటే, సి-17 మన ఇంటి ముందుకు రాదు. స్కూల్ ఆటో రోజూ వస్తుంది.

ఆటోకు మూడు చక్రాలు. ఆ మూడింటినీ కలిపితే నేల మీద ఒక త్రిభుజం వస్తుంది. ముందు వైపు సన్నగా, వెనక వైపు వెడల్పుగా ఉంటుంది. గరిమనాభి ఆ త్రిభుజానికి మధ్యలో, వీలైనంత కిందగా ఉన్నంతవరకు ఆటో నిలకడగా ఉంటుంది. డ్రైవర్ పక్కన ఇద్దరు పిల్లలను కూర్చోబెడితే బరువు ముందుకు, అంటే త్రిభుజం సన్నగా ఉన్న వైపుకు జరుగుతుంది. పైన బ్యాగులు కడితే గరిమనాభి పైకి పోతుంది. ఒకే పక్కన బ్యాగులు వేలాడదీస్తే ఆ పక్కకు ఒరుగుతుంది. ఈ మూడూ ఒకేసారి జరిగిన ఆటో పంజాగుట్ట సర్కిల్‌లో వేగంగా మలుపు తిరిగితే, త్రిభుజం అంచుకు మిగిలే దూరం చాలా తక్కువ. ఎంతమంది ఎక్కారన్నదే కాదు, ఎక్కడ కూర్చున్నారన్నది కూడా ప్రశ్నే.

స్కూల్ బ్యాగుదీ ఇదే కథ. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో 10 శాతం మించకూడదు. ఆ బరువులోనూ లావు పుస్తకాలను వీపుకు ఆనుకుని ఉండే అరలో పెట్టాలి. వాటర్ బాటిల్, లంచ్ బాక్స్ బయటి అరలో ఉండవచ్చు. లావు పుస్తకాలు వెనక్కి పోయేకొద్దీ పిల్లలు ముందుకు వంగి నడుస్తారు. అది వాళ్ల శరీరం తన గరిమనాభిని పాదాల మీదకు తెచ్చుకోవడానికి చేసే ప్రయత్నం.

కాబట్టి ఈ నెల రెండు పనులు చేయమని కోరుతున్నాను. ఒక ఉదయం కిందకు దిగి, మీ పిల్లల ఆటోలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, బ్యాగులు ఎక్కడ ఉంటున్నాయో ఒకసారి చూడండి. డ్రైవర్ అన్నతో గొడవ వద్దు. ముందు సీటు ఖాళీగా ఉంచాలని, బ్యాగులు కిందనే పెట్టాలని మర్యాదగా మాట్లాడండి. అలా చేస్తే ఒక పిల్లవాడికి సీటు తగ్గుతుందని, దాని ఖర్చు మనం పంచుకోవాల్సి వస్తుందని నాకు తెలుసు. ఆ మాట కూడా మిగతా తల్లిదండ్రులతో కలిసే మాట్లాడుకోవాలి.

రెండోది, మీ అబ్బాయికో అమ్మాయికో సైన్స్‌లో ఎన్ని మార్కులొచ్చాయని అడిగే ముందు, బొమ్మ లారీ మీద ఒక గీత గీయించండి. ఆ గీత దగ్గర లారీ నిలబడితే పాఠం వచ్చినట్టే. నిలబడకపోతే, ఎందుకు నిలబడలేదో మీ పిల్లలతో ఒక కాగితం మీద రాయించి నాకు పంపండి. క్లాసులో అందరం కలిసి చూద్దాం.

వచ్చే నెల మరో పాఠంతో కలుద్దాం.